మామగారి ఫీచా తుక్కుకెళ్లిన రోజు

గ్రాబొవాత్స్,
1987 జూలై 9, గురువారం.

చిరంజీవి వెల్కోకు,

మీ వదిన స్తనీయా దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేను క్షేమం, ఆవు క్షేమం, పంది అవసరానికి మించి క్షేమం. వియన్నాలో నువ్వూ, రూజిత్సా, పిల్లా చల్లగా ఉండాలని కోరుకుంటాను. మీ అన్న ఎలా ఉన్నాడని అడుగుతావేమో, ఆయన కోసమే ఈ ఉత్తరం.

ముందు అసలు కబురు విను. మామగారి ఫీచా కారు ఈ పొద్దున తుక్కుకు వెళ్లిపోయింది. నువ్వు చెప్పినట్టే చేశాడు మీ అన్న. సంతోషమేనా?

నీ ఉత్తరం వచ్చిన రోజున కళ్లజోడు కనపడటం లేదని నాచేత చదివించుకున్నాడు. కళ్లజోడు నెత్తిమీదే ఉంది. ఈ ఆగస్టుకు రావడం లేదనీ, రూజిత్సా సముద్రానికి వెళదామంటోందనీ, ఫ్యాక్టరీలో ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకుని సెలవులు కూడా ఆ డొక్కు కింద గడపడం ఇక నీవల్ల కాదనీ రాశావు. అంతవరకు బుద్ధిగా విన్నాడు. ఆ తరవాత, అన్నయ్యా, నీకు రిపేరు రాదు, ఈ జన్మకు రాదు, దాన్ని తుక్కువాడికి తోలేసి చేతులు కడుక్కో అని రాశావు చూడు, అక్కడ లేచి బయటకు పోయాడు. బీన్స్ పులుసు చల్లారి పేరుకుపోయింది. ఎవరు తింటారిక? పందే తిన్నది.

నీది తప్పంటున్నానా? లేదు నాయనా. నీ స్థానంలో నేనుంటే ఆ ముక్క ఏనాడో రాసేదాన్ని. నా కన్నా ఎక్కువ ఎవరు పడ్డారు దానితో? వాకిట్లో నూతికి అడ్డంగా నిలబెట్టారు. నీళ్ల బకెట్టుతో దాని చుట్టూ ప్రదక్షిణాలు చేసీ చేసీ నా మోకాళ్లు అరిగిపోయాయి. పెళ్లినాడు ఆచారం ప్రకారం మరిదివి నువ్వే కదా మా పుట్టింట్లో నా చెయ్యి పట్టుకుని ఆ కారెక్కించావు! ఆవేళ గుర్రంలా పరిగెత్తింది. మామగారు పోయాక అది మీ ఇద్దరి చేతుల్లో పడింది, అక్కడితో దాని పని అయిపోయింది.

ప్రతి ఆగస్టూ ఒకటే తంతు. సరిహద్దులో సుంకం వాళ్ల కంట పడకుండా కాఫీ పొట్లాల కింద, చాక్లెట్ల కింద దాచి ఒక ఏడు డైనమో తెస్తావు, ఒక ఏడు క్లచ్ ప్లేటు, ఇంకో ఏడు కార్బ్యురేటర్. వచ్చినవాడివి చొక్కా అయినా మార్చుకోవు. ఇద్దరూ కారు కిందికి దూరతారు, కాళ్లు మాత్రం బయటికి కనబడతాయి. భోజనానికి పిలిస్తే, వదినా, ఈ ఒక్క బోల్టు అంటావు. ఆ బోల్టు ఈనాటికీ బిగియలేదు. నేను మిరపకాయలు కాల్చుకునే రేకు మీద నట్లు ఆరబెట్టారు. మా అమ్మ పెట్టిన పూలపళ్లెంలో పెట్రోలు పోసి కార్బ్యురేటర్ కడిగిందెవరని అడిగితే, నువ్వంటాడు ఆయన, ఆయనంటావు నువ్వు. కిందనుంచి వినపడేది ఏముందీ, ఒరేయ్, దీపం ఇటు పట్టరా, నా ముక్కు రిపేరు చేయమన్నానా అని మీ అన్నా, ముందు నీ పొట్ట విప్పి పక్కన పెట్టన్నయ్యా, చెయ్యి పోవడంలేదు అని నువ్వూ. ఇక నవ్వులే నవ్వులు. ఆఖరి రోజున తాళం తిప్పితే అది కుయ్యిమనదు, కయ్యిమనదు. వచ్చే ఏడు దీని సంగతి చూద్దాంలే అని రేగుపళ్ల సారా ఒక గుక్క వేసి నువ్వు బయల్దేరతావు. ప్రయాణం నీళ్లలా సాగాలని నీ వెనక చెంబుడు నీళ్లు నేను పోస్తాను. ఆ తరవాత కొన్నాళ్లపాటు మీ అన్న మనిషి కాడు.

ఈసారి నచ్చచెప్పబోయాను. తమ్ముడేగా, ఏదో విసుగులో రాసుంటాడు, ఆ మాట పట్టుకు వేలాడతావేం మహానుభావా అన్నాను. వాడు తమ్ముడెక్కడ, వియన్నా దొరగాడు అన్నాడు. నాకు రిపేరు రాదట, నాకు! అని పందికి కూడా చెప్పుకున్నాడు. ఈ పొద్దున పక్కింటి బ్లాగోయెను ట్రాక్టర్‌తో రమ్మని, గొలుసు కట్టించాడు. తనేమో చావులకు తొడిగే నల్లకోటు తొడుక్కుని ఫీచాలో స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఏమిటి మీలున్, ఎవరు పోయారు అని బ్లాగోయె అడిగితే, నోర్మూసుకుని తోలు అన్నాడు. వీధిలో ఆడవాళ్లు గేట్ల దగ్గరకొచ్చి సిలువ గీసుకున్నారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. నవ్వాల్సినదాన్ని నేనైనా నవ్వలేకపోయాను.

వాళ్లు మలుపు తిరిగాక బకెట్టు తీసుకుని నూతిదాకా తిన్నగా నడిచాను. హాయిగా ఉండొద్దూ? ఆ నూనె మరక దగ్గర నిలబడి ఏడ్చాను వెల్కో. మాకు పిల్లలు లేరు. ఈ ఇంట్లో సందడంటే నీ ఆగస్టే. ఒక ఏడు సముద్రమంటావు, మరో ఏడు ఇంకేదో అంటావు, అలా అలా రాకపోకలు తెగిపోతాయి. చూసిన కొంపలే ఎన్ని! కారు పోతే పోయింది, దరిద్రం వదిలింది. మీరిద్దరూ మాట్లాడుకోకుండా ముసలివాళ్లయిపోతారేమోనని నా బెంగ. మొండితనంలో ఎవడికెవడు తీసిపోతాడని? ఒక్క తల్లి పాలేగా తాగారు!

పెద్దవాడు దిగిరాడు. నువ్వే ఓ కార్డు ముక్క రాసి పడెయ్. సముద్రంలో లోతుకు పోకు, నీకు ఈత రాదు. రూజిత్సాను అడిగానని చెప్పు. పిల్లకు ముద్దులు.

ఇట్లు,
విసిగిపోయిన మీ వదిన,
స్తనీయా

తా.క.: కవరు అంటించబోతుండగా బ్లాగోయె కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు, రేడియేటర్‌కి నీళ్లు కావాలని. వంతెన అవతలి ఎత్తు మీద ట్రాక్టర్ పొగలు కక్కి ఆగిపోయిందట. మరి కారేదయ్యా, మా ఆయనేడీ అంటే ముందు నీళ్లివ్వమన్నాడు. గద్దించి అడిగితే అప్పుడు కక్కాడు. మీ అన్న కారు దిగి, వెనక ఇంజన్ మూత ఎత్తి, కోటు జేబులోంచి చేతిరుమాలు మూట తీసి, అందులోని వేలెడంత నల్లముక్క లోపల పెట్టాడట. రోటరంటారట దాన్ని, డిస్ట్రిబ్యూటర్ అనే సామానులో కూర్చునే ముక్క, అది లేకపోతే ఇంజన్ అంటుకోదట. తాళం తిప్పగానే రయ్యిమందట ఫీచా. నీ ట్రాక్టర్ చల్లారేలోగా నేను తుక్కుకొట్టుకు పోయొస్తానని దర్జాగా తోలుకుపోయాడట.

అది నడుస్తుందా అన్నాను. నడవకేం, శనివారం నువ్వు సంతకు బస్సెక్కడమే ఆలస్యం, ద్రాక్షతోటలదాకా షికారు కొట్టొస్తాడుగా, నీకు తప్ప ఊరందరికీ తెలుసు అన్నాడు. ఏటేటా నువ్వొచ్చే ముందు మీ అన్న ఏదో ఒకటి ఊడబీకి పెడతాడట! మరి వెల్కోకు ఒక్కరూ చెప్పలేదేం, సిగ్గులేదా మీకు అని అరిచాను. చెబితే రాడుగా స్తనీయా అన్నాడు.

తుక్కుకొట్టు త్రీఫున్ దాన్ని పుచ్చుకోలేదట, ఇదీ బ్లాగోయె తరవాత నా చెవిన వేసిన మాటే. తన కాళ్ల మీద తాను నడిచొచ్చినదాన్ని నేను నరకను, ఇంటికి తోలుకుపో అన్నాడట. పొద్దువాలే వేళకు మీ అన్న వచ్చాడు. ఎలా అనుకున్నావు? మళ్లీ ట్రాక్టర్ వెనక గొలుసుకు వేలాడుతూ, నల్లకోటులో, మొహం వేలాడేసుకుని! కారు మళ్లీ నూతికి అడ్డంగానే పెట్టాడు. లోపలికొచ్చి, త్రీఫున్ వద్దన్నాడు, ఇంజన్ బొత్తిగా పోయింది, డిస్ట్రిబ్యూటర్ మార్చాలి, ఇక్కడ దొరికి చావదు, వెల్కోకు ఓ ముక్క రాయి అన్నాడు. నా మొహం వంక చూడలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు తిట్టబుద్ధి కాలేదు, అలాగే అన్నాను.

అందుకే రాస్తున్నాను. సముద్రం చూసుకునే రా, రూజిత్సాను కష్టపెట్టకు. ఆగస్టు చివరైనా ఫరవాలేదు. నీకేమీ తెలియనట్టే ఉండు. వచ్చేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ తీసుకురా. కారులో ఉన్నది నిక్షేపంలా ఉంది. అయినా తీసుకురా.