వదులు చెయ్యి

నంద్యాల,
12 నవంబరు 2025, బుధవారం.

ప్రియమైన ఫెబా వదినకు,

నీ మరదలు జెస్సీ వందనాలు. దేవుని దయ వల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఇక నిజం రాస్తాను, కాస్త కూర్చుని చదువు. అన్నయ్యకు ఇప్పుడే చెప్పొద్దు.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావు. మాది ఒక్క గది ఇల్లు, గుసగుసలాడినా నీ తమ్ముడికి వినపడుతుంది. మెసేజ్ పెడదామంటే నా ఫోన్ ఎప్పుడూ ఆయన చేతిలోనే. పాత గాలం రీళ్ళు ఎలా విప్పాలో, ఎలా బిగించాలో వీడియోలు చూస్తుంటాడు. రేపు పొద్దున బస్సుకి పక్కింటి దానమ్మక్క ఆళ్లగడ్డ వస్తోంది, ఆమె చేతికి ఇచ్చి పంపుతున్నా.

మామయ్య గాలం రీలు నీకు గుర్తుందా? సున్నిపెంటలో డ్యాం ఉద్యోగం చేసేటప్పుడు, రిటైరై ఊరెళ్ళిపోతున్న ఎవరో ఇంజనీరు ఇచ్చిపోయిందట. మామయ్య పోయినప్పటి నుంచి గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాం. ఈమధ్య నీ తమ్ముడు దాన్ని కిందికి దించాడు. రైస్ మిల్లులో మోటార్లు విప్పే మనిషి కదా, రెండు రోజులు ఆడుకుని పక్కన పెడతాడులే అనుకున్నా. నాకే బుద్ధి లేదు.

ఆ రోజు సంగతి నీకు మళ్ళీ చెప్పే పని లేదు, కానీ రాయకపోతే నా భయం నీకు అర్థం కాదు. డ్యాం నీళ్ళలో, పుట్టి పడవలో తండ్రీ కొడుకులిద్దరే ఉన్నారు. ఈ రీలు బిగించిన గాలం కర్రను తాడుతో పుట్టి అంచుకు కట్టారు. పెద్ద వాలుగ చేప పడింది. అందుకుందామని మామయ్య వంగేసరికి దారం మణికట్టుకు చుట్టుకుంది, చేప ఒక్క గుంజు గుంజింది. మనిషి సగం నీళ్ళలోకి పోయాడు. నీ తమ్ముడు ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాడు. పుట్టి ఒరిగిపోతోంది. అప్పుడు మామయ్య "వదులు చెయ్యి" అని అరిచాడు. ఈయన వదిలేశాడు. కొడుకును బతికించడానికి తన చెయ్యి తనే వదిలించుకున్న తండ్రి అని పాస్టరుగారు సమాధి దగ్గర అన్నప్పుడు మనమంతా ఏడ్చాం. నీ తమ్ముడు ఏడవలేదు. ఏడాది దాటింది, ఇప్పటికీ ఏడవలేదు. చర్చికి రావడం కూడా మానేశాడు.

ఇప్పుడు ఆ రీలు పట్టుకున్నాడు. నా ఉప్మా గిన్నెలో కిరసనాయిలు పోసి నానబెట్టాడు, ఇక ఆ గిన్నె ఎందుకూ పనికిరాదు. లోపల గ్రీజు కొవ్వొత్తి మైనంలా గడ్డకట్టి ఉంటే పళ్ళ బ్రష్షుతో తోమితోమి తీశాడు. దారం మీదికి పడే వంపు తీగకు స్ప్రింగు విరిగిపోతే సైకిలు బ్రేకు తీగను వంచి కొత్తది చేశాడు. లోపలి బిళ్ళలు కుళ్ళిపోయాయని, చర్చి హార్మోనియం బాగుచేసినప్పుడు మిగిలిన ఉన్నిగుడ్డ అడిగి తెచ్చి గుండ్రంగా కత్తిరించాడు. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. నాకు మాత్రం ఒక్కో ముక్క బాగవుతుంటే నీళ్ళు మా గడప దాకా వస్తున్నట్టుంది.

నేను పిరికిదాన్నని మీ ఇంట్లో అందరూ ఆటపట్టిస్తారు. బల్లి పడితే వీధంతా లేపుతాను, కాదనను. కానీ ఇది విను. మొన్న అన్నం పెడుతూ, ఇదెప్పుడు అయిపోతుందని అడిగాను. తలెత్తకుండా, "ఇది అయిపోతే నా పని అయిపోతాది" అన్నాడు. నిన్న కొత్త దారం కూడా ఎక్కించాడు. శుక్రవారం సెలవు పెట్టాడని మిల్లు వాళ్ళు చెబితే తెలిసింది. సున్నిపెంట బస్సు ఎన్నింటికని ఆటో మత్తయిని అడిగాడట.

పిడి తిప్పితే ఆ రీలు టికటికమంటుంది. ఆ చప్పుడు వింటే చెవులు మూసుకుంటా. ఆగిపోతే ఇంకా భయం, వంట వదిలేసి వెళ్ళి చూసొస్తా. ఒకరోజు దాన్ని సంచిలో వేసుకుని కుందూ ఏటి వంతెన దాకా పోయాను, పారేద్దామని. పారేస్తే ఆయన ఇక దేనికోసం ఇంట్లో ఉంటాడో తెలియలేదు. తిరిగి తెచ్చి ఎక్కడిదక్కడే పెట్టాను.

వదినా, శుక్రవారం లోపల రా. స్కూల్లో ఏదో ఒక అబద్ధం చెప్పు. నా మాట వినడు, నీ మాట వింటాడు. ఆయన్ను నీళ్ళకు పోనీకుండా చూడు, నాకు వేరే ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
నీ రాక కోసం గడప మీదే కూర్చున్న
జెస్సీ

తా.క. అంటించిన కవరును పళ్ళతో చించి మళ్ళీ రాస్తున్నా వదినా. సాయంత్రం మిల్లు నుంచి వస్తూనే గాలం కర్రను తాడుతో కిటికీ ఊచకు కట్టాడు. దారం కొసను నీళ్ళ డ్రమ్ముకు కట్టి బిగించాడు. నా చెయ్యి పట్టుకుని, వెనక్కి లాగు అన్నాడు. ఎందుకన్నాను. అప్పుడు చెప్పాడు. రీలు ముందు వైపు ఒక మర ఉంది. అది బిగిస్తే దారం కదలదు, వదులు చేస్తే జారుతుంది. రీలు దించిన రోజు చూస్తే ఆ మర చివరిదాకా బిగించి ఉందట. "నాయన తన చెయ్యి ఇడువు అన్లేదు జెస్సీ. మర వదులు చెయ్యి అన్న్యాడు. నేను చెయ్యి ఇడిసినా" అన్నాడు.

ఎడం చేత్తో నన్ను పట్టుకుని కుడి చేత్తో మర తిప్పాడు. దానితో పాటే రీలూ కర్రా తిరిగిపోయాయి, మర వదులు కాలేదు. నన్ను ఇంకా గట్టిగా లాగమన్నాడు. లాగాను. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. అంత బాగుచేసినా సరే, రీలును ఒక చేత్తో ఆపి పట్టుకుంటే గానీ మర తిరగదు. చివరికి నన్ను వదిలి, రెండు చేతులూ పెట్టి తిప్పాడు. దారం సర్రున జారింది.

మామయ్య ఏ అర్థంలో అరిచినా, ముందు ఆయన చెయ్యి వదలాల్సిందే. "రెండు చేతులూ కావాల" అన్నాడు నీ తమ్ముడు. అని నేల మీద కూలబడి, మళ్ళీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయాడు.

శుక్రవారం సంగతి అడగడానికి నాకింకా ధైర్యం చాల్లేదు, నువ్వు మాత్రం రా. ఈ రాత చూసి ఏమీ అనుకోకు. నా కుడిచెయ్యి ఆయన నిద్రలో కూడా వదల్లేదు, ఎడం చేత్తో రాస్తున్నా.