నాలుగో భాగంలో ముసలమ్మ

కళింగపట్నం,
12-12-1968.

శ్రీవారికి పద్మకుమారి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, నేను, రెండు ఎడ్లు, మొన్న ఈనిన గేదె అందరం కులాసా. దూడ మాత్రం పేచీకోరుది. మీరూ వేళకు తింటూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాద్దామనే కూర్చున్నాను. కానీ ముందు పుస్తకం సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడదు. 'మేఘనౌక' ఐదో భాగం పంపినందుకు మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. పెళ్లికి ముందు విజయనగరంలో అద్దె పుస్తకాల కొట్లో మొదటి మూడు భాగాలు తెచ్చుకుని చదివాను. మూడోది కాస్త నీరసంగా నడిచింది. ఇక ఈ రచయిత దగ్గర సరుకు అయిపోయిందనుకున్నాను. అయిపోలేదండీ! మబ్బుల మీద తేలే ఆ ఓడ ఈసారి వానలను వలవేసి పట్టి అమ్ముకునే ఊరికి చేరుతుంది. అక్కడ దాహంతో అల్లాడిన ఓ పిల్ల మబ్బుకు చిల్లు పెడుతుంది. ఆ చోట నేను పట్టలేని సంతోషంతో గట్టిగా అరిచేశాను. పెరట్లో గోగునార చిక్కు తీస్తున్న అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటే, తేలు గానీ కుట్టిందేటి?"

నేను కాపురానికి వచ్చాక ఆవిడ నాతో అన్న మాటల్లో అదే పెద్దది. మీకు తెలియనిదేముంది? "అన్నం తిను", "దీపం పెట్టు" తప్ప మూడో మాట లేదని, నేనంటే ఆవిడకు గిట్టదని, ఖరగ్‌పూర్ తీసుకుపోకపోతే పుట్టింటికి పోతానని దసరాకి ఏడుస్తూ రాశాను కదా.

తేలు కాదు, కథ అన్నాను. విసుక్కుని వెళ్లిపోతుందనుకున్నాను.

"వానలమ్ముతారా! సిగ్గు నేదేటి ఆలకి? ఏదీ, సదువు," అని నార కట్ట అక్కడికే తెచ్చుకుని కూర్చుంది.

మొదటి నుంచీ మళ్లీ చదివాను. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ అదే పని. అయితే ఓ చిక్కొచ్చి పడింది. ఐదో భాగం మొదలయ్యేసరికే నావికుడు మార్తాండుడికి ఒక చెయ్యి ఉండదు. అది ఎలా పోయిందో నాలుగో భాగంలో ఉంటుంది. అది నేను చదవలేదు.

"ఆ సరంగు సెయ్యి ఏటయిందే?" అని అత్తమ్మ ఒకటే పోరు. తెలియదన్నాను. ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. మర్నాడు నార ముందేసుకుని, "నాకు తెలిసిపోనాది, ఇను," అని తనే మొదలుపెట్టింది.

ఓడలో సరంగు తల్లి ఒక ముసలమ్మ ఉందట. కొత్త కోడలు ఓడెక్కిందట. మబ్బుపాము ఆ కోడల్ని చుట్టేస్తే, విడిపించడానికి సరంగు తన చెయ్యి ఇచ్చేశాడట. ముసలమ్మ మాత్రం మూలన కూర్చుని నోరు మెదపలేదట.

"అంత జరిగినా కోడలితో ఒక్క మాటైనా మాట్లాడదా అత్తమ్మా?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "ఏటి మాటాడతాది? అది సదువుకున్న గుంట. దీనికి అచ్చరమ్ముక్క రాదు. తప్పు మాటాడితే నవ్వుతాదని బయ్యం. పెనిమిటి దూరాన ఉన్నాడని ఆ పిల్ల ఏడుస్తన్నాదని తెల్సు. తలుపు దాకా ఎల్లి ఎనక్కి వచ్చీసీది."

పెనిమిటి ఆ ఓడలోనే ఉన్నాడు కదా అని నేను అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని నార రెండో కొస పట్టుకున్నాను. అమ్మ ఇప్పుడైనా నీతో మాట్లాడుతున్నదా అని మీరు అడిగారు కదా. ఇప్పుడు నాకు మాట్లాడే సందు దొరకడం లేదు! ఆ పుస్తకం మీరు పంపబట్టే కదా ఇదంతా.

పోయిన వారం అసిరయ్య అక్కడినుంచి సెలవుకి వస్తూ, తర్వాత దొరికిందని మీరిచ్చిన నాలుగో భాగం తెచ్చి ఇచ్చాడు. అత్తమ్మే ముందు అందుకుని అట్ట మీది బొమ్మ చూసింది.

"ఒసే, ఈడికి రెండు సేతులూ ఉన్నాయి. ఇది ముందుదే గదా! ముసల్ది ఉందేటో సూడు."

ఇంతసేపూ రాయకుండా దాచింది ఇదే. అందులో ముసలమ్మ లేదు. కోడలూ లేదు. ఓడ మొత్తానికి ఆడజాతి అంటే ఒక్క చిలకే. మార్తాండుడి చెయ్యి లంగరు గొలుసు కింద నలిగిపోయింది, అంతే. నేను మాత్రం ఉందని చెప్పేశాను. రోజూ పుస్తకం తెరిచి, అందులో లేనిది చదువుతున్నాను. లంగరు ఎత్తమని నావికుడు ఆజ్ఞాపించగానే, "అంతట ముసలమ్మ కోడలికి చోడి అంబలి తెచ్చి ఇచ్చెను" అని కలుపుతున్నాను. రచయిత క్షమించుగాక. నిన్న రెండు పేజీలపాటు ముసలమ్మను కలపడం మరిచిపోయాను.

"ముసల్దేదే? ఏ రేవులో దింపీసారేటి?" అంది.

లోపల పడుకుందని సర్దేశాను.

క్వార్టరు దొరికిందని, మాఘంలో వచ్చి నన్ను తీసుకెళ్తానని రాశారు. అడిగింది నేనే, కాదనను. అత్తమ్మ నా కోసం అప్పుడే చోళ్లు పిండి పట్టించింది. "ఎల్లు, మొగుడి కాడ ఉండాల," అంటుంది. అన్న కాసేపటికే, "ఆరోది ఎప్పుడొస్తాదే?" అని అడుగుతుంది. నేను వెళ్లిపోతే ఎవరు చదువుతారని మాత్రం అడగదు. ఎడ్లనూ గేదెనూ చూసుకుంటానని పక్కింటి కూర్మయ్య మావ మాటిచ్చాడు. ఆవిడ్ని మీరే పిలవాలి. కొడుకు పిలిస్తే వస్తుంది.

ఇంకొక్క మాట. మీరు రాగానే నాలుగో భాగం మీ చేతిలో పెట్టి చదవమంటుంది. ఉన్నది ఉన్నట్టు చదివేరు సుమా! మీకు పుణ్యముంటుంది, ముసలమ్మను ఏ రేవులోనూ దింపెయ్యకండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
పద్మకుమారి.