చెరిపేసిన రివిజన్లు

9 ఆగస్టు 2010, సోమవారం

పొద్దున ఆఫీసుకు రాగానే రిపాజిటరీ తెరుచుకోలేదు. మా బ్లడ్ బ్యాంక్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి రోజు నుంచి చేసిన ప్రతి మార్పూ ఒక్కో రివిజన్‌గా అందులోనే ఉంది. అంతా సరిగా ఉందో లేదో చూసే వెరిఫై పెడితే మొదట్లోనే ఎర్రర్. పాత రివిజన్లున్న ఫోల్డర్లు లేవు.

సర్వర్‌లో జాగా చాలడం లేదని మేనేజర్ మధుసూదన్ శనివారం తీసేశాడట. “పాతయి కద, ఎవలు చూస్తరు అనుకున్న” అన్నాడు. కొత్తవన్నీ ఆ పాతవాటి మీదే నిలబడి ఉంటాయని చెప్పాను. జెర మెల్లగ మాట్లాడమన్నాడు.

బ్యాకప్ కూడా అదే డిస్క్‌లో ఉండేది. అదీ తీసేశాడు.

10 ఆగస్టు

తీసేసిన ఫైళ్ళను రాబట్టే టూల్ రోజంతా నడిపాను. ముక్కలు వచ్చాయి. దేనికీ పనికిరావు.

జిల్లాల బ్లడ్ బ్యాంకుల్లో నడుస్తున్నది పాత వెర్షన్. రక్తం బ్యాగుల లేబుల్ మీద ఎక్స్‌పైరీ తేదీ తప్పు పడుతోంది. సరిచేయాలంటే ఆ పాత కోడే కావాలి. మా మెషీన్లలో ఉన్నది కొత్తది. అక్కడివాళ్ళు తేదీలు చేత్తో దిద్దుకుంటున్నారు. ఒక్కరు మరిచిపోతే?

మధుసూదన్ మాత్రం ఓనర్ వెంకటరత్నం గారితో ఇదంతా మాతో పనిచేసి వెళ్ళిన జీవరాజు పని అన్నాడట, ఉద్యోగం పోయిన కక్షతో చేశాడట. రిసెప్షన్‌లో మేబెల్ విని నాకు చెప్పింది. జీవరాజును జూన్‌లో ఎందుకు పంపేశారు? బ్యాకప్‌కు వేరే డిస్క్ కొనమని అందరి ముందూ గొడవపడ్డందుకు.

11 ఆగస్టు, సాయంత్రం

బొల్లారంలో జీవరాజు ఇంటికి వెళ్ళాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు శనివారాలు అతను రిపాజిటరీ మొత్తాన్ని తన సొంత హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోవడం నేను చూశాను.

తలుపు తీసింది వాళ్ళావిడ కాంతమణి. లేబుల్ సంగతి చెప్పి డిస్క్ అడిగాను. “ఇచ్చినంక దొంగతనమని కేసు పెడితే మేమేం జెయ్యాలె?” అని అడిగింది. లోపల్నుంచి జీవరాజు వచ్చి, లేబుల్ తప్పు నిజమేనా అన్నాడు. నిజమేనన్నాను. డిస్క్ తెచ్చి చేతిలో పెట్టాడు.

“నా పేరు దాచకు ఎమిలీ. దాస్తే నిజంగ దొంగనైత” అన్నాడు.

బస్సులో ఏడుపొచ్చింది. కోపంతో.

12 ఆగస్టు

పాత ఫోల్డర్లు ఎక్కడివక్కడ పెట్టాను. వెరిఫై చివరి దాకా ఆగకుండా పోయింది. లేబుల్ తప్పు దిద్ది జిల్లాలకు పంపించాం.

ఈలోగా మధుసూదన్ అందరికీ మెయిల్ కొట్టాడు. మన బ్యాకప్ ప్రాసెస్ వల్లే ప్రాజెక్టు దక్కిందట. మనదట. నన్ను పక్కకు పిలిచి, కాపీ ఎక్కడిదో చెప్తే జీవరాజుకే తక్లీఫ్ అన్నాడు.

డిస్క్ తీసుకుని తిన్నగా ఓనర్ గదిలోకి వెళ్ళాను. తలుపు మూయలేదు. ఎవరు చెరిపారో, ఎవరు ఇచ్చారో గట్టిగా చెప్పాను. ఆఫీసంతా వినాలనే.

వెంకటరత్నం గారు మధుసూదన్‌ను పిలిచి, “జీవరాజు చేశాడని నాకెందుకు చెప్పావు?” అని ఒక్కటే అడిగారు. మధుసూదన్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు.

13 ఆగస్టు

ఓనర్ స్వయంగా బొల్లారం వెళ్ళి క్షమించమన్నారట. ఉద్యోగం మళ్ళీ ఇస్తానన్నారట. జీవరాజు వద్దన్నాడు. కాంతమణి టీ కూడా ఇవ్వలేదని ఓనర్ డ్రైవర్ చెప్పాడు.

మంచి పని చేసింది.

16 ఆగస్టు

సర్వర్ పాస్‌వర్డ్ ఇప్పుడు నా దగ్గరుంది. మధుసూదన్ ఏదో ఫైలు కావాలని వచ్చి నా టేబుల్ పక్కన నిలబడ్డాడు.

కూర్చోమనలేదు.