టవలెక్కడే అక్కా

స్వాన్సీ,
గురువారం

గెథిన్,

మొహం మీద చెబితే నవ్వేసి టీ అడుగుతావు. అందుకే ఈ ఉత్తరం నీ బూటులో పెట్టాను.

ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని మనింట్లోనే చూసుకునే పనికి పేరు నమోదు చేయించుకుంటున్నానని చెప్పాను, నువ్వు వింటేగా. నిన్న ఆ ఆఫీసావిడ ఫోన్ చేసి, "ఇంట్లో పదహారేళ్ళు దాటినవాళ్ళు ఎవరెవరున్నారమ్మా?" అంది.

"నేనూ, మా ఆయనానండీ" అన్నాను.

సరిగ్గా అప్పుడే నువ్వు స్నానాల గదిలోంచి "టవలెక్కడే అక్కా?" అని కేకేశావు.

"ఆయనెవరు?"

"మా తమ్ముడండీ. రెండు రోజులుండి పోదామని వచ్చాడు."

"ఎప్పుడొచ్చారు?"

ఏప్రిల్లో, ఈస్టర్‌కని చెప్పేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నేను క్రిస్మస్ కేకుకి ఎండుద్రాక్ష నానబెడుతున్నాను.

ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి గురించీ పోలీసుల దగ్గర వాకబు చేయాలట. అది తేలేదాకా పక్కింటి నెరిస్ కవలల్ని నేను చేర్చుకోకూడదు. నేను పనిచేసే బేకరీ ఈ నెలాఖరుకి మూసేస్తున్నారని నీకు తెలుసు.

మీ బావ "వాణ్ణి వెళ్ళిపొమ్మంటే సరి" అన్నాడు. "నువ్వే చెప్పు" అన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇవాళ నీ పేరు కూడా రాసి పంపేశాను, ఇక్కడే ఉంటాడని. ఆ వాకబుకి కావాలట, నీ పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టు. ఇకనుంచి నువ్వు ఈ ఇంటికి చుట్టానివి కావు, టవలు నువ్వే తెచ్చుకో.

అక్క