అమ్మవారికి రెండు తాళాలు

మల్కాపురం,
మంగళవారం

ఎదురింటి బావ గవర్రాజుకి, జగ్గారావు రాస్తున్నది.

ఎదురుగా ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే రికార్డు చేస్తావు. వాట్సాప్‌లో పెడితే స్క్రీన్‌షాట్ తీసి వీధంతా తిప్పుతావు.

మన వీధి అమ్మవారి పండగకి నువ్వు పసుపు చీర కొన్నావట. కార్పొరేటర్ ఎన్నికల ముందు అమ్మవారికి మీ పార్టీ రంగు కట్టబెడతావా? వెంటనే మార్చు.

ఇట్లు,
పండగ కమిటీ ప్రెసిడెంటు, నీ భార్యకి అన్నయ్య,
జగ్గారావు

తా.క.: మా చెల్లి నాగమణి పంపిన చేపల పులుసు బాగుంది. ముందు పిల్లికి పెట్టి, కాసేపు దాని వాలకం చూసి, తర్వాతే తిన్నాను.

బుధవారం

అనుమానాల బావకి, సెక్రటరీ గవర్రాజు నమస్కారాలు.

పసుపు అమ్మవారిది కాక ఇంకెవరిది? పోనీ నీలం తెద్దామంటే అది మీ పార్టీది. ఎరుపు కామ్రేడ్లది, కాషాయం ఇంకొకరిది. తెలుపు కట్టామంటే మా అత్త సన్యాసమ్మ, అంటే మీ అమ్మే, మనిద్దరినీ కర్ర పట్టుకుని తరుముతుంది.

ఎవరూ చూడకుండా నువ్వు చీర మార్చేస్తావని, అమ్మవారికి కట్టించేసి గుడికి తాళం వేశాను.

ఇట్లు,
నీ నమ్మకానికి నోచుకోని
గవర్రాజు

తా.క.: ఆ పిల్లి మా ఇంటికి మకాం మార్చేసింది. ఎవరిని నమ్మాలో దానికి తెలిసింది.

గురువారం

తాళాల బావకి,

నీ తాళం పక్కన నా తాళం కూడా వేశాను. ఇప్పుడు మనిద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. అంటే, తెరుచుకోదు.

గుడిలో దీపం పెట్టే గంగాలమ్మ కిటికీలోంచి హారతిచ్చి, "మీ తగువులో అమ్మోరు ఏటి సేసిందిరా?" అని వీధిలో నిలబడి తిట్టింది. సిగ్గేసింది. కానీ ముందు నేను తాళం తీస్తే నువ్వు గెలిచినట్టవుతుందని ఊరుకున్నాను.

ఇట్లు,
జగ్గారావు

తా.క.: రేపు పొద్దున్న మన పక్క ఆయిల్ కంపెనీ సైరన్ మోగుతుంది. గ్యాస్ లీకు మాక్ డ్రిల్, ఉత్తుత్తిదే. వీధి గ్రూపులో కూడా పెట్టాను. కంగారుపడి పరిగెత్తకు, అసలే నీకు ఆయాసం.

శుక్రవారం

బావా,

ఉత్తుత్తిదని నువ్వు రాసేసరికి నిజంగానే ప్రమాదమని ఖాయం చేసుకున్నాను. సైరన్ మోగగానే నాగమణిని రోడ్డు మీదికి పొమ్మని, మీ ఇంటికి పరిగెత్తాను. నువ్వు లేవు. అత్త నడవలేక అరుగు మీదే కూర్చుంది. వీపు మీద ఎక్కించుకున్నాను.

"అమ్మోరినొగ్గీసి ఎక్కడికెల్తన్నావ్ అల్లుడా?" అని వీపు మీద ఒక్కటి చరిచింది.

గుడి దగ్గరికొచ్చేసరికి నువ్వు నీ తాళం తీసేసి, నా తాళంతో కుస్తీ పడుతున్నావు! నా తాళంచెవి అత్తే నా జేబులోంచి లాగి నీకిచ్చింది. నువ్వు అమ్మవారి విగ్రహాన్ని, నేను అత్తని మోస్తూ మెయిన్ రోడ్డు దాకా ఒకటే పరుగు. అక్కడ హెల్మెట్ల వాళ్లు చప్పట్లు కొట్టి, "డ్రిల్లులో మీ వీధే ఫస్టు" అన్నారు.

ఒక్కటి చెప్పు. ఉత్తుత్తిదని తెలిసీ నువ్వెందుకు పరిగెత్తావు?

నడుం పట్టేసిన
గవర్రాజు

తా.క.: అంతసేపు ఎత్తుకున్నావు కదా, అమ్మవారి చీర ఏ రంగో చూశావా?

ఆదివారం

ప్రియమైన బావా,

చూడలేదు. నువ్వు మా అమ్మని మోసుకుని పరిగెత్తడం గుడి దగ్గర్నుంచి చూసేసరికి నా మెసేజీ మీద నాకే అనుమానం వచ్చి, తాళంచెవి తీశాను. పండగ కలిసే చేద్దాం. చీర సంగతి గంగాలమ్మకి వదిలేద్దాం.

ఇంకో కబురు. మనం పక్కపక్కన పరిగెత్తిన వీడియో ఊరంతా తిరిగింది. నేను మీలో చేరానని మావాళ్లు, నువ్వు మాలో చేరావని మీవాళ్లు మనిద్దరినీ సస్పెండ్ చేశారు. "మీరిద్దరూ ఎప్పట్నుంచి కలిసున్నారు?" అని మావాళ్లు నిలదీశారు. "మా చెల్లి పెళ్లి నాటినుంచి" అన్నాను.

వీధివాళ్లు మాత్రం నిన్ను ఇండిపెండెంటుగా నిలబడమంటున్నారు. ఒప్పుకో.

నీ బావ,
జగ్గారావు

తా.క.: "నాను కూడా నిలబడితే ఓటెవరికేత్తావమ్మా?" అని అమ్మని అడిగాను. "నన్ను మోసినోడికి" అంది. నా ఓటూ నీకే. ఎవరికీ చెప్పకు, నమ్మరు.