మారుపేర్లేగా అన్నావు

చిరంజీవి తమ్ముడికి,

అక్క రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి సంగతి అడిగావు. తగ్గింది, మేడమెట్లు ఎక్కి దిగుతున్నారు. మీ బావకి బదిలీ తప్పింది. నీ మేనకోడలికి ముందుపళ్ళు ఊడాయి, అద్దం వదిలి రావడం లేదు. క్షేమసమాచారాలు అయ్యాయి. ఇక నీ సంగతికొస్తాను.

ఫోన్ ఎత్తడం లేదని నిష్ఠూరమాడావు. కోపం వస్తే నా నత్తి రెట్టింపవుతుందని నీకు తెలుసు. తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, ఒక్కటీ గొంతులో ఇరుక్కోకూడదు. అందుకే కాగితం.

అడ్మిన్‌గా నిన్ను ఎందుకు తీసేశానో అర్థం కాలేదన్నావు. నిజంగా అర్థం కాలేదా? మా నత్తివాళ్ళ బృందానికి ఆ చాట్ సర్వర్ పెట్టిచ్చింది నువ్వే, కాదనను. బయట రెండు ముక్కలతో సరిపెట్టుకునే వాళ్ళం అక్కడ టైపు చేస్తూ తెగ వాగాం. జోకులు వేసుకున్నాం, పోట్లాడుకున్నాం. నలుగురిలో నోరు విప్పని దర్జీ అక్కడ అందరినీ ఆటపట్టించేవాడు. మొన్న మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళ సభలో, చిన్న బృందానికి చాట్ సర్వర్ ఎలా అమర్చాలో చెబుతూ, నువ్వు ఉదాహరణకి తెర మీద పెట్టింది మా చాట్ గదినే, మా మాటలతో సహా.

ఆ సభ వీడియో ముందు మా బృందంలోని నర్సు కంటపడింది. డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా మా ఇంటికొచ్చింది. ఫోన్ బల్లమీద పెట్టి వీడియో నడిపించింది. తెర మీద 'నత్తగుల్ల' అనే పేరుతో ఒకరు రాసుకున్న సంగతి. టికెట్ కౌంటర్ దగ్గర వెళ్ళాల్సిన ఊరి పేరు నోట్లోంచి రాక, వెనకవాళ్ళు విసుక్కుంటుంటే, నోటికి తేలిగ్గా వచ్చే ఇంకో ఊరి పేరు చెప్పి, ఆ ఊళ్ళో దిగి, అక్కడినుంచి పడుతూ లేస్తూ వెళ్ళిన వైనం. హాలంతా నవ్వు. నువ్వూ నవ్వుతూ, "చూశారా, ఎంత సరదాగా ఉంటారో!" అన్నావు.

నర్సు నన్నే చూస్తోంది. "ని... నిజం చెప్పు. నీకు తెలిసే జరిగిందా?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే గది సగం ఖాళీ అయింది. నా తమ్ముడు చేసినదానికి నేను దొంగనయ్యాను.

మీ బావ ఏమన్నాడో తెలుసా? "చిన్నవాడు, తెలియక చేశాడు, వదిలెయ్." ముప్పై దాటినవాడు చిన్నవాడెలా అవుతాడని అడిగాను. పేపరు అందుకున్నాడు.

కొత్త సర్వర్ ఎవరిచేత పెట్టించావని అడిగావు. నేనే పెట్టాను, మన పాత కంప్యూటర్ మీద. ముందు నీ సెట్టింగులు తెరిచి చూశాను. మేం అన్న ప్రతి మాటనీ శాశ్వతంగా దాచమని అమర్చి పెట్టావు. అడిగావా మమ్మల్ని? నేను పెట్టినదాంట్లో ఏ మాటైనా మర్నాటికి చెరిగిపోతుంది. అడ్మిన్ కూడా పిలవని గదిలోకి తొంగిచూడలేడు. సెట్టింగుల్లో ఎక్కడో ఒక కామా తప్పి అది ఎంతకీ మొదలవ్వక నా ప్రాణం తీసింది. నోటికొచ్చినట్టు తిట్టాను. విచిత్రం, కంప్యూటర్ని తిట్టేటప్పుడు నాకు ఒక్క అక్షరమూ తడబడదు. మీ బావ పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు, ఇంటికి ఎవరొచ్చారా అని!

"అసలు పేర్లు లేవుగా, మారుపేర్లేగా" అని రాశావు. ఆ వాక్యం చదివి నీ ఉత్తరం నలిపి పారేశాను, మళ్ళీ ఏరుకున్నాను. మాలో చాలామందికి అన్ని మాటలకంటే ముందు అడ్డం తిరిగేది సొంత పేరే, తమ్ముడూ. ఎవరైనా పేరడిగితే చెమటలు పడతాయి. తడబడకుండా చెప్పుకున్న మొదటి పేర్లు అవి. అవే మా అసలు పేర్లు.

నర్సు మళ్ళీ బృందంలోకి వచ్చింది. ఇప్పుడు సర్వర్‌కి తనూ నేనూ ఇద్దరం బాధ్యులం, ఒకరికి తెలియకుండా ఒకరం ఏ సెట్టింగూ మార్చలేం. ఇంకొందరు వచ్చారు. దర్జీ రాలేదు. దుకాణానికి వెళ్ళాను. మిషన్ తొక్కుతూనే ఉన్నాడు, తలెత్తలేదు. దారం తెంపుతూ అన్నాడు, "అ... అతన్ని రమ్మనండి. మ... మనిషిని చూడాలి." అంతే. మళ్ళీ మిషన్.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఇంతసేపూ తన్నుకులాడాను. ఆ నత్తగుల్లని నేనే. నత్తి ఉందని సరదాగా పెట్టుకున్న పేరు. ఆ రోజు నేను బయల్దేరింది నువ్వు పట్టా అందుకునే సభకి. మీ కాలేజీ ఉన్న ఊరి పేరు నా నోట రాలేదు. నేను చేరేసరికి కుర్చీలు సర్దేస్తున్నారు. బస్సు చెడిపోయిందన్నాను. నువ్వు మొహం తిప్పుకున్నావు, ఇంటికొచ్చేదాకా పలకలేదు. నీకు కూడా చెప్పుకోలేక దిగమింగిన మాట అది. ఎన్నో ఏళ్ళకి ధైర్యం చేసి నాలాంటి వాళ్ళ మధ్య చెప్పుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి హాలంతా నవ్వేలా చూపించావు. అక్కదని నీకు తెలియదు, నిజమే. తెలిస్తే పెట్టేవాడివి కాదు. పరాయివాళ్ళదైతే పెట్టొచ్చా? నా ఒళ్ళు మండేది అక్కడే.

వీడియో తీయించేశానని రాశావు, సరే. నీ క్షమాపణ మెసేజ్ ఎవరికీ అక్కర్లేదు. వచ్చే ఆదివారం బయల్దేరి రా. దర్జీ దుకాణం వెనకగదిలో అతనూ, నర్సూ, నేనూ ఉంటాం. ముగ్గురికీ నీతో చెప్పాల్సింది ఉంది. నోటితోనే చెబుతాం. పెదవులు బిగుసుకుంటాయి, మెడనరాలు లేస్తాయి, చూడ్డానికి నీకు ఇబ్బందిగా ఉంటుంది. ఏమనబోతున్నామో నీకు ముందే తెలిసిపోతుంది. అయినా ఆ మాట నువ్వు అందించకు. కూర్చుని విను.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
మీ అక్క