ఊపవలసిన ఆప్రాన్

వర్జిల్ అన్నయ్యకు,

పడవలో నువ్వూ, నీ తోటివాళ్లూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమని రాయబోయి కలం ఆపాను. గురువారం నీ పడవ మన ఇంటి ముందు నుంచి వెళ్లేలోపే ఇది నీకు అందాలని సరుకుల పడవవాడి చేతికిస్తున్నాను.

వరండా మెట్టు బాగుచేయించావా అని అడిగావు. అమ్మ చేయనిస్తేగా! "వర్జిల్ వచ్చి చేస్తాడే, పరాయివాడెందుకు?" అంటుంది. శనివారం ఆ మెట్టు మీదే జారిపడింది. తల గోడకు కొట్టుకుంది. మా ఆసుపత్రిలోనే మంచం ఇచ్చారు గాని చేర్చుకోలేదు. కనిపెట్టి చూడడానికి ఉంచారంతే. దాన్ని మేం అబ్జర్వేషన్ అంటాం.

ఈ పొద్దున డాక్టర్ హోల్కమ్ ఇంటినుంచే ఫోన్ చేసి, "ఆవిడ బాగానే ఉంది, పంపేయండి" అన్నాడట. నర్సు చెప్పేసరికే అమ్మ బూట్లు తొడిగేసుకుంది. బిల్లుల గదిలో కూర్చుని నేను రోజూ తిట్టుకునే నిబంధన ఒకటుంది: ఇంటికి పంపే రోజున డాక్టరు రోగిని స్వయంగా చూస్తేనే ఆయన ఫీజుకు బిల్లు వేయాలి. దాన్నే పట్టుకుని ఫోన్ చేశాను.

"చూడకుండా పంపితే ఆ బిల్లు నేను వేయను డాక్టర్‌గారూ."

"మీ అమ్మ బిల్లుకే అడ్డం పడతావా నెడ్రా? పిచ్చా నీకు?"

"పిచ్చే. రండి."

గొణుక్కుంటూ వచ్చాడు. అమ్మ గదంతా నడిచి చూపించింది. "గురువారం వాడి పడవ వెళ్లేటప్పుడు ఎప్పటిలా నేను వరండాలో నిలబడి ఆప్రాన్ ఊపకపోతే నా కొడుకు నదిలో దూకేస్తాడు" అంది. ఆయన నవ్వి, సంతకానికి కలం తీశాడు.

ఇక దాచలేను అన్నయ్యా. ఎవరికీ చెప్పనని అమ్మ నా చేత బైబిల్ మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పాను. "పొద్దున వాంతి చేసుకుంది. నన్ను పట్టుకుని, చనిపోయిన ఫ్లోసీ పిన్ని పేరుతో పిలిచింది" అని అక్కడే డాక్టర్‌కి చెప్పేశాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదే!" అని అమ్మ గోడవైపు తిరిగిపోయింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడలేదు. స్కాన్ తీస్తే తలలో రక్తం చేరిందని తేలింది. ఇప్పుడు నిజంగానే చేర్చుకున్నారు. రేపు ఆపరేషన్. నాకు చాలా భయంగా ఉంది.

గురువారం వరండాలో నేను నిలబడతాను. నేను అమ్మ పసుపు ఆప్రాన్ ఊపితే ఆవిడ గట్టెక్కినట్టు. నా చేతులు ఖాళీగా ఉన్నా సరే, కెప్టెన్‌ని అడిగి దిగి రా. మెట్టు అలాగే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చూసి కాలు పెట్టు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ చెల్లెలు
నెడ్రా